గుహ ఆటకు గొంతు వచ్చిన ఆదివారం

వేలూరు నుంచి గుడియాత్తం పోయే బస్సులో నివేదితకు కిటికీ పక్కన చోటు దొరికింది. ఒళ్ళో సంచి. సంచిలో బట్టలేమీ లేవు. స్క్రూడ్రైవర్లు, స్పిరిట్ సీసా, ఒక జత చిన్న స్పీకర్లు, వాటి వైర్లు ఉన్నాయి. వారమంతా వేలూరులో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే అంగట్లో పని చేసి ఆదివారం ఇంటికి వచ్చే పిల్ల, మామూలుగా అయితే బస్సు ఎక్కగానే నిద్రపోతుంది. ఆ రోజు మాత్రం పళ్ళికొండ దాటేదాకా మాటిమాటికీ సంచి తెరిచి అన్నీ ఉన్నాయా లేదా అని చూసుకుంటూనే ఉంది.

కారణం ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్. నివేదిత పుట్టకముందు నుంచీ వాళ్ళ నాయన మోహన్‌రాజ్ గుడియాత్తం బస్టాండు దగ్గర ఆటల సెంటర్ నడిపాడు. బడి వదలగానే కుర్రాళ్ళు వచ్చి కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళు. అందులో అన్నిటికంటే పేరు పడ్డది గుహ ఆట. దానికి ఇంగ్లీషులో ఏదో పెద్ద పేరు ఉండేది గానీ ఎవరూ పలికేవాళ్ళు కాదు. తుపాకి పట్టుకుని చీకటి గదుల్లో నడవాలి, తలుపులు తెరవాలి, మీదికి వచ్చే పిశాచాలను కాల్చాలి. ఆ ఆటలో మోహన్‌రాజ్‌ను ఓడించినవాడు ఊళ్ళో లేడు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక సెంటర్ మూతపడింది. మిగతావన్నీ అమ్మేసి ఒక్క కంప్యూటర్ మాత్రం ఉంచుకుని, ఆయన బావ ఆదిమూలం మేస్త్రి దగ్గర కట్టడం పనులకు సూపర్‌వైజర్‌గా చేరాడు. భార్య పోయాక కూతురిని వెంటబెట్టుకుని అక్క ఇంటికే వచ్చేశాడు. రెండేళ్ళ కిందట షుగరు ఆయన చూపును తీసుకుపోయింది.

అప్పటి నుంచి మోహన్‌రాజ్ మంచం దిగింది తక్కువ. ఎవరైనా పలకరించడానికి వస్తే గోడ వైపు తిరిగి నిద్ర నటించేవాడు. వచ్చినవాళ్ళు కాసేపు అక్కతో మాట్లాడి, మంచం వైపు చూసి, గొంతు తగ్గించుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

పోయిన వారం నివేదిత ఆయన పక్కన కూర్చుని ఒక మాట అంది. గుహలో గదులన్నీ నీకు కంఠతా వచ్చు కదా, పిశాచం ఎడమ పక్కన ఉంటే ఎడమ చెవికీ, కుడి పక్కన ఉంటే కుడి చెవికీ వినపడుతుంది కదా, ఇంక కళ్ళతో పనేముంది నాయనా అంది. ఆయన లేచి కూర్చున్నాడు. తరువాత ఫోన్ కలపమని, పాత స్నేహితుడు సెల్వాన్ని ఆదివారం రమ్మన్నాడు. సెల్వం ఆ రోజుల్లో దినమూ ఓడిపోయి, మరుసటి దినం మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. ఇప్పుడు వేలూరులో టైల్స్ అంగడి పెట్టుకున్నాడు. రెండేళ్ళలో మోహన్‌రాజ్ నోరు తెరిచి ఒక మనిషిని రమ్మనడం అదే మొదలు.

ఫోన్ పెట్టేశాక కూతురితో అన్నాడు.

"రెండు చెవులకూ రావాల పాపా. ఒక పక్కే వస్తే నేను గోడలకు గుద్దుకుంటా. వాని ముందర తడుముకుంటా కూర్చోను నేను. రాలేదంటే ఆ డబ్బాను పాత ఇనుముకు ఏసేయ్."

ఆ మాట వారమంతా నివేదిత చెవుల్లో తిరుగుతూనే ఉంది. డబ్బా పాత ఇనుముకు పోతే పోనీ. దానితోపాటు నాయన మళ్ళీ గోడ వైపు తిరుగుతాడే, అదీ ఆమె భయం.

ఇంటికి చేరేసరికి మేనత్త మునిరత్నమ్మ కంప్యూటర్‌ను హాల్లో బల్ల మీద పెట్టించి, మీద కప్పిన గుడ్డ తీసి, తుడిచి ఉంచింది. మేస్త్రి మోర్ధానా దగ్గర స్లాబ్ పని ఉందని తెల్లవారగానే బండి మీద వెళ్ళిపోయాడు. పోయిన ఆదివారమే నివేదిత కంప్యూటర్‌లో దుమ్ము దులిపి, లోపలి చిన్న బ్యాటరీ మార్చి, చెడిపోయిన డిస్కు బదులు కొత్తది పెట్టి ఆటను ఎక్కించింది. తెర మీద బొమ్మ శుభ్రంగా వచ్చింది. స్పీకర్లు లేక శబ్దం సంగతి ఆ రోజు చూడలేదు.

మోహన్‌రాజ్ అప్పటికే కుర్చీలో ఉన్నాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు.  అది చూసి నివేదిత కాఫీ కూడా తాగకుండా స్పీకర్లు తగిలించి మీట నొక్కింది. తెర వెలిగింది, ఆట మొదలైంది, గుహ కనపడింది. స్పీకర్లు మాత్రం గుయ్ అనే సన్నటి మోత తప్ప ఇంకేమీ పలకలేదు.

"ఏమైనా పలికిందా?" అన్నాడు మోహన్‌రాజ్.

ఇంకా లేదంది. ఆటలో శబ్దాన్ని సరిచేసే పేజీ ఒకటి ఉంటుంది, దాన్ని తెరిచింది. అక్కడ పరీక్ష మీట నొక్కితే, కార్డు జవాబు ఇవ్వడం లేదని రాసి వచ్చింది. కార్డు అంటే శబ్దం పుట్టించే పలక. కంప్యూటర్ వీపు లోపల గుచ్చి ఉంటుంది. ఆట కార్డును ఏ నంబరు దగ్గర వెతుకుతోందో ఆ పేజీలో చదివి చెప్పమన్నాడు మోహన్‌రాజ్. ఆమె చదివింది. ఐదో నంబరు అని ఉంది.

సెంటర్ ఎత్తేసేటప్పుడు మంచి కార్డులన్నీ అమ్ముడుపోయాయనీ, వేరే కంప్యూటర్‌లో మిగిలిన కార్డును దీనిలో పెట్టాననీ చెప్పాడు. ఆ కార్డు ఏడులో ఉండేది. ఆట పోయి ఐదో నంబరు ఇంటి తలుపు కొడుతోంది, కార్డు ఏడో నంబరు ఇంట్లో కూర్చుని ఉంది. ఎంత కొట్టినా ఎవరు పలుకుతారు?

నివేదిత యంత్రం ఆపి, మూత విప్పి చూసింది. నిజమే. కార్డు మీద గోరంత నల్లటి టోపీ ఒకటి ఏడు అని రాసి ఉన్న సూదుల మీద ఉంది. దాన్ని గోటితో పైకి లాగి ఐదు మీద కూర్చోబెట్టి, మళ్ళీ అన్నీ బిగించి పరీక్ష మీట నొక్కింది.

ఢాం అని తుపాకి పేలింది.

వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. మునిరత్నమ్మ చెయ్యి తుడుచుకుంటూ పరుగున వచ్చి, ఏమి పగిలిందని అడిగింది. నివేదిత అత్తను పట్టుకుని ఒక చుట్టు తిప్పి వదిలింది. మోహన్‌రాజ్ రెండు చేతులూ బల్ల మీదికి చాచి, కీబోర్డు అంచులు తడిమి, బాణాల మీటల మీద వేళ్ళు ఆనించాడు. ఆ వేళ్ళు అక్కడికి తమంతట తామే పోయినట్టు పోయాయి.

ఆట మొదలైంది. మొదటి గదిలో ఎదురుగా తలుపు. ఆయన నడిచాడు, పొడుగు మీట నొక్కాడు, తలుపు గరగరమని పైకి లేచింది. నివేదిత తెర చూస్తోంది. పిశాచం గుర్రుమంది. మోహన్‌రాజ్ గిరుక్కున ఎడమకు తిరిగి కాల్చాడు. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. పిశాచం కుడి పక్క నుంచి వచ్చి ఆయనను చంపేసింది.

మళ్ళీ ఆడాడు. మళ్ళీ అంతే. కుడి పక్క పిశాచం గుర్రుమంటే ఎడమ స్పీకర్‌లో వినపడుతోంది. ఎడమ పక్క పిశాచం అసలు వినపడనే లేదు, చప్పుడు చేయకుండా వచ్చి మీద పడింది. కుడి స్పీకర్ మూగగా కూర్చుని ఉంది.

"కుడిపక్కది ఎడమపక్క అరస్తా ఉండాది పాపా," అన్నాడు మోహన్‌రాజ్. కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాడు.

నివేదిత గబగబా ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. స్పీకర్ల వైరు తీసి తన ఫోనుకు తగిలించి పాట పెట్టింది. రెండూ చక్కగా పాడాయి. అంటే స్పీకర్లలో తప్పు లేదు. ఆటలో శబ్దం ఎక్కువ తక్కువలు చూసింది. రెండు పక్కలకూ సమానంగానే ఉన్నాయి. ఇంక మిగిలింది కార్డు. కార్డులో ఒక పక్క కాలిపోయి ఉంటే చేసేదేమీ లేదు. కాట్పాడిలో పాత సామాన్లు దాచిపెట్టుకునే డానియల్ అనే ఆయనకు ఫోన్ చేసింది. అలాంటి కార్డు ఒకటి ఉన్న గుర్తుందనీ, అటక మీద వెతికి వచ్చే వారం చెప్తాననీ అన్నాడాయన.

వచ్చే వారం. ఆమె ఫోన్ కింద పెట్టిందో లేదో మళ్ళీ మోగింది. ఈసారి సెల్వం. గుడియాత్తం బస్టాండులో దిగాననీ, అక్కడ టీ తాగి నడిచి వస్తాననీ, మీ నాయనను చేతులు కడుక్కుని సిద్ధంగా ఉండమని చెప్పమనీ అన్నాడు. ఫోన్‌లో ఆయన గొంతు గదంతా వినపడింది.

మోహన్‌రాజ్ కుర్చీ చేతుల మీద బరువు వేసి లేవబోయాడు.

"తలనొప్పిగా ఉండాదని చెప్పమ్మా వానికి. పండుకొన్నాడని చెప్పు."

నివేదితకు ఏడుపు వచ్చినంత పనైంది. అయినా గొంతులో తెలియనివ్వకుండా, ఒక్క నిమిషం కూర్చో నాయనా, వైర్లు తీసేదాకా ఈ టార్చి దీపమైనా పట్టుకో అంది. దీపం ఆయన చేతిలో పెట్టి, తాను వెనక్కి వంగింది. ఆయన దీపాన్ని ఒక చేతిలోకి మార్చుకుని, ఊరికే ఉండలేక రెండో చెయ్యి కంప్యూటర్ వీపు మీదికి పోనిచ్చాడు. సెంటర్ ఉన్న రోజుల్లో తెల్లవారగానే ఆ వీపుల మీద చెయ్యి పెట్టి వైర్లన్నీ సరిచూసుకోవడం ఆయన పని. స్పీకర్ వైరు మొన దగ్గర ఆయన వేళ్ళు ఆగిపోయాయి.

"ఇది పూర్తిగా దిగలేదే."

"దిగింది నాయనా. నేనే గట్టిగా నొక్కినా."

"లేదు. దిగితే టక్ మంటాది. చేతికి తెలుస్తాది. నాకు టక్ ఇనపడనే లేదు పొద్దుట్నించీ."

ఆమె దీపం లాక్కుని చూసింది. నల్లటి పిడికీ రంధ్రానికీ మధ్య గోరు దూరేంత సందు. అందులో ఇత్తడి మొన మెరుస్తోంది. నొక్కి చూసింది, లోపల ఏదో అడ్డం తగిలినట్టు ఆగిపోయింది.  ఆ రంధ్రం లోపల అన్నిటికంటే లోతున ఎడమ పక్కకు ఒక రేకు, దానికి ముందర కుడి పక్కకు ఒక రేకు ఉంటాయి. వైరు మొన లోతు దాకా పోకుండా కుడి రేకు దగ్గరే ఆగిపోతే, కుడి శబ్దమంతా ఎడమ స్పీకర్‌లోకి పోతుంది. ఎడమ శబ్దం ఎక్కడికీ పోదు. సరిగ్గా అదే కదా జరుగుతోంది. కార్డు కాలిపోలేదు. దాని గొంతులో ఏదో ఇరుక్కుంది.

"కార్డు బాగుండాది నాయనా. ఏమో అడ్డం పడి ఉండాది, అంతే," అంది. ఆ మాట అంటుండగానే చేతులు స్క్రూలు విప్పుతున్నాయి.

కార్డును బయటికి లాగి రంధ్రంలోకి దీపం వేసింది. లోపల పసుపు కలిసిన తెల్లటి ముద్ద, రాయిలా ఎండిపోయి ఉంది. అంచుల చుట్టూ ఎర్రగా ఉంది. సాలెగూడు కాదు, తుప్పు కాదు. ముక్కు దగ్గర పెట్టుకుంది. గంధం వాసన.

"అత్తా," అని పిలిచింది.

మునిరత్నమ్మ వచ్చి, కళ్ళు చిన్నవి చేసుకుని రంధ్రంలోకి చూసి, ఏమీ తడబడకుండా చెప్పింది.

"అది నేను పెట్టిన బొట్టే."

మేస్త్రి ఇంట్లో ఆయుధపూజ అంటే చిన్న పండుగ కాదు. తాపీలు, గోడ నిలువు చూసే తూకం గుండ్లు, సిమెంటు కలిపే మిక్సర్ అన్నీ కడిగి వరసగా పెట్టి, గంధం కుంకుమ పెడతారు. పనిముట్టుకు బొట్టు ఎక్కడంటే అక్కడ పెట్టకూడదు, అది ఏ భాగంతో పని చేస్తుందో అక్కడే పెట్టాలని మునిరత్నమ్మకు అత్తగారు నేర్పింది. తాపీకి మొన మీద. మిక్సర్‌కు నోటి మీద. కంప్యూటర్ ఇంటికి వచ్చిన మొదటి ఏడు, దీనికి నోరు యాడుండాదని ఆమె తమ్ముడిని అడిగింది. వీపు వెనక ఈ బొక్కలో నుంచే దానికి మాట వచ్చేదక్కా అని చూపించాడు తమ్ముడు. అప్పటి నుంచి ఏటా ఆయుధపూజకు సామాన్ల గదిలో నుంచి దాన్ని దించి, తుడిచి, గంధం వేలి కొసతో ఆ బొక్కలోకి అదిమి, పైన కుంకుమ పెట్టింది. మరుసటి ఏటికి ఎండి కుంగిపోయి ఉంటే, బొట్టు లోపలికి పోయిందని మళ్ళీ నింపింది.

ఇదంతా ఆమె చెప్పి ముగించేసరికి మోహన్‌రాజ్ భుజాలు కదులుతున్నాయి. నివేదిత బెదిరిపోయి ఆయన ముఖం చూసింది. ఆయన నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి దగ్గు వచ్చి, మళ్ళీ నవ్వాడు.

"నోట్లో గంధం కూరి మాట్లాడమంటే అది ఎట్ల మాట్లాడుతాదక్కా?"

"నువ్వే కదరా నోరంటివి. నోరు యాడుండాదని అడిగితే నోరే చూపించినావు. చెవి చూపించి ఉంటే చెవికి పెట్టుంటా."

"ఇంకా నయం. అగరొత్తి గుచ్చలేదు."

"గుచ్చేదాన్నే. నిలబడలా."

నివేదిత నవ్వుతూనే నేల మీద చాప వేసుకుని కూర్చుంది. స్పిరిట్ ఒక్కొక్క చుక్కే రంధ్రంలోకి వదిలి, ముద్ద మెత్తబడేదాకా ఆగింది. సూదితో గీకితే లోపలి రేకులు వంగిపోతాయి. కాలిపోయిన అగరొత్తి పుల్ల అడిగింది. మునిరత్నమ్మ గుప్పెడు తెచ్చి ఇచ్చి, ఒక తమలపాకు పరుచుకుని తానూ ఎదురుగా కూర్చుంది. అది పూజ గంధం, నేల మీద రాలితే ఎవరైనా తొక్కుతారు, రాలిందంతా ఆకులోకే రావాలి అంది. అలా ఆమె ఆకు పట్టుకుని, మేనకోడలు పుల్ల పట్టుకుని, ఇద్దరూ తలలు ఆనించుకుని ఆ చిన్న రంధ్రం మీద వంగి ఉండగా గడపలో చెప్పులు విడిచిన చప్పుడైంది.

సెల్వం భారీ మనిషి. గుమ్మం నిండా నిలబడి లోపలికి చూశాడు.

"ఏందిరా మోహనూ, కంప్యూటర్‌కు పండ్లు తోమతా ఉండారా మీ ఇంట్లో?"

ఇలాంటి మాట రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. మునిరత్నమ్మ భయంగా తమ్ముడి వైపు చూసింది. మోహన్‌రాజ్ గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు.

"నీకు గోరీ కడతా ఉండాం. కూర్చో, సెల్వం. అంతలోపల ప్రాణాలన్నీ లెక్కపెట్టుకో."

సెల్వం వచ్చి స్నేహితుడి భుజం మీద చెయ్యి వేసి, గట్టిగా తట్టి పక్క కుర్చీలో కూర్చున్నాడు. నివేదిత తల ఎత్తలేదు. ముద్ద పొరలు పొరలుగా ఊడివస్తోంది. పైన పసుపు రంగు, కింద ఎరుపు, మళ్ళీ పసుపు. ఒక్కొక్క పొర ఒక్కొక్క ఏటి పూజ. అడుగున ఉన్న బిళ్ళ మాత్రం కదలడం లేదు. బలంగా పొడిస్తే రేకు పోతుంది. పొడవకపోతే అన్నీ చేసి ఏమీ చేయనట్టే. ఆమె ఇంకో చుక్క వేసి, పుల్లను అడ్డంగా దూర్చి, ఊపిరి ఆపి మెల్లగా తిప్పింది. బిళ్ళ విరిగి రెండు ముక్కలై జారి ఆకులో పడింది. దీపం వేసి చూస్తే లోపల రెండు రేకులూ వంకర పోకుండా, చివర్లు పసుపు పట్టి, నిలబడి ఉన్నాయి. గుడ్డ పేలికను పుల్లకు చుట్టి వాటిని తుడిచింది.

కార్డును దాని చోట గుచ్చి, స్క్రూ బిగించి, వైరు అందుకుంది.  మొనను రంధ్రంలో పెట్టి నెట్టింది.

టక్.

"ఆఁ. ఇప్పుడు దిగినాది," అన్నాడు మోహన్‌రాజ్ కుర్చీలో నుంచే.

ఆట మొదలైంది.  తలుపు గరగరమంది, ఈసారి రెండు పక్కల నుంచీ. పిశాచం గుర్రుమంది, కుడి స్పీకర్‌లో. మోహన్‌రాజ్ కుడికి తిరిగాడు. కాల్చాడు. పిశాచం బొబ్బరించి కూలింది. ఆ కూలిన చప్పుడు ఇంకా ఆగకముందే ఎడమ పక్క ఇంకోటి అరిచింది. ఎడమకు తిరిగాడు. అదీ కూలింది. గోడకు తగిలితే ఆటలో మనిషి ఊఁ అని మూలుగుతాడు. ఆ మూలుగును బట్టి గోడ వెంట నడిచి, మలుపు దగ్గర ఆగి, తలుపు ఎక్కడుందో వేళ్ళతోనే లెక్క కట్టి తెరిచాడు. చెవులు రెండూ నిక్కబొడుచుకున్నట్టు మెడ నిటారుగా పెట్టి, కళ్ళు మూసుకుని ఆడుతున్నాడు. ఆయన ముఖంలో కదిలే ఒక్కొక్క కండనూ చూస్తూ నివేదిత తెర చూడటమే మరిచిపోయింది. ఎటు పక్క ఏముందో ఆమెకు నాయన ముఖంలోనే తెలిసిపోతోంది.

మొదటి గుహ అయిపోయింది. గెలిచినట్టు బాకా మోగింది.

అంత సులభమా అని సెల్వం తువ్వాలు తీసి కళ్ళకు గంతలు కట్టుకుని కూర్చున్నాడు. మొదటి గదిలోనే గోడకు మొహం పెట్టి ఊఁ ఊఁ అని మూలిగి మూలిగి, తలుపు కూడా దాటకుండా చచ్చాడు. మళ్ళీ ఒకసారి చచ్చాడు. గంతలు విప్పేసి, చూపు ఉండి ఆడినా ఇంతే కదరా నేను అన్నాడు. మోహన్‌రాజ్ ఆయన చేతుల కింద నుంచి కీబోర్డు తన వైపు లాక్కున్నాడు.

రెండో గుహ పెద్దది. అందులో నీళ్ళ చప్పుడు ఉంది, మనిషిని ఎత్తుకు లేపే బండ ఉంది, ఒకేసారి మూడు నాలుగు గొంతులు కలగలిసి వస్తాయి. వాటిలో దగ్గరిది ఏదో, దూరానిది ఏదో విడదీసుకోవాలి. మోహన్‌రాజ్ సగం దాకా వెళ్ళాడు. ఊపిరి తీయడం కూడా తగ్గించాడు. సరిగ్గా అప్పుడు వంటింట్లో కుక్కర్ కూత వేసింది. ఆ కూతలో ఒక గుర్రు కలిసిపోయింది. ఆయన తిరగాల్సిన పక్క తిరగలేదు. చచ్చాడు.

"ఎవరది కుక్కర్ పెట్టింది?" అన్నాడు. గట్టిగా, ఇల్లంతా వినపడేలా, సెంటర్‌లో అల్లరి చేసే పిల్లలను కసిరినట్టు.

"అన్నం వద్దా నీకు? మధ్యాహ్నమైంది," అంది మునిరత్నమ్మ.

"అన్నం మెల్లగా తింటాంలే. ముందు అది ఆపేయ్. ఆ ఫ్యానూ ఆపు. సెల్వం, నువ్వు ఊపిరి అంత గట్టిగా తీయొద్దు, నాకు పిశాచమని అనిపిస్తా ఉండాది. పాపా, ఆ కుడి డబ్బాను ఇంకా దూరంగా జరుపు. ఇంకా. ఆ కిటికీ దాకా."

నివేదిత స్పీకర్‌ను వైరు అందినంత దూరం జరిపింది. మునిరత్నమ్మ పొయ్యి ఆపి, చప్పుడు కాకుండా వచ్చి గడప మీద కూర్చుంది. సెల్వం నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఫ్యాన్ రెక్కలు తిరిగి తిరిగి ఆగిపోయాయి. చెమటలు పడుతున్నా ఎవరూ కదలలేదు.

మోహన్‌రాజ్ వేళ్ళతో తడిమి, మొదలుపెట్టే మీట నొక్కాడు.